పొన్నగంటిలంక మీద నేనడిగిన ప్రశ్న

ఈ ప్రశ్న అడిగేదాకా నాలుగేళ్ళ శాసనసభా జీవితంలో నేను నోరు విప్పింది రెండేసార్లు. మొదటిసారి ప్రమాణ స్వీకారానికి. రెండోసారి, మైకు పనిచేస్తోందా అని పక్క సభ్యుడు అడిగితే "చేస్తున్నట్టే ఉందండి" అన్నాను. అది రికార్డుల్లోకి ఎక్కింది. ఆ మాటకు మా పక్షంవాళ్ళు బల్లలు కూడా చరిచారు. ఎందుకు చరిచారో నాకిప్పటికీ తెలియదు.

దీనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. మాట్లాడేవాళ్ళు అంతమంది ఉన్నప్పుడు వినేవాళ్ళు కూడా కొందరుండాలి గదా అనుకునేవాణ్ణి. కానీ బడ్జెట్ సమావేశాల ముందు ఒక పత్రికవాళ్ళు "సభలో మౌనమునులు" అని పదకొండు మంది జాబితా వేశారు. అక్షరక్రమంలో వేశారు గనక, అడబాల చక్రధరం అన్న నా పేరు అందరికంటే ముందొచ్చింది.

"నేను మొదటివాణ్ణని కాదే, అక్షరాలు అలా కలిసొచ్చాయి" అని మా ఆవిడ కనకవల్లికి నచ్చజెప్పబోయాను.

"నాకెందుకండీ చెప్పడం? పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేశాడు. బావగారికి మాట పడిపోయిందా అక్కా, ఏ డాక్టరుకి చూపిస్తున్నారు అని అడిగాడు," అంది.

దాంతో నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. మా పి.ఏ. విశ్వనాథాన్ని పిలిచి, ఈ సమావేశాల్లో ప్రశ్న వేసి తీరాల్సిందే అన్నాను. అదీ మామూలు ప్రశ్న కాదు, నక్షత్రపు గుర్తు ప్రశ్న. ఆ గుర్తు ఉంటే మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. టీవీలో వస్తుంది. మా బావమరిది చూస్తాడు.

ఏ విషయం మీద వెయ్యాలన్నది పెద్ద సమస్యయింది. రోడ్ల మీద వేద్దామంటే కాంట్రాక్టరు మా మేనమామ కొడుకు. ఇసుక మీద అంటే విశ్వనాథం దగ్గాడు. అతను దగ్గాక నాకూ దగ్గొచ్చింది. రేషను దుకాణాలన్నీ మన కార్యకర్తలవే. ఎవరికీ నొప్పి తగలని ప్రశ్న కోసం నియోజకవర్గం పటమంతా వేలు పెట్టి వెతికితే, గోదావరి పాయ మధ్యలో ఈగ వాలినట్టు ఒక చుక్క కనిపించింది.

"ఇదేంటయ్యా, సిరా ఒలికిందా?"

"పొన్నగంటిలంక సార్. మనదే. నాలుగొందల పన్నెండు ఓట్లు."

"అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవ్వరూ లేరు సార్. చుట్టూ నీళ్ళే."

"అయితే అదే ఖాయం చెయ్యి," అన్నాను.

ఆనాటికి పొన్నగంటిలంక ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. పొద్దున్న ఏడున్నరకి పెమ్మాడి ఎర్రియ్య పడవ ఇవతలి రేవులోంచి బయల్దేరేది. అందులో ముగ్గురు ప్రభుత్వోద్యోగులు ఎక్కేవారు. దయామణి అనే నర్సమ్మ, సింహాచలం మాస్టారు, లైన్‌మన్ అప్పారావు. నర్సమ్మ ఇంటింటికీ తిరిగి బీపీ చూసి మాత్రలిచ్చేది. మాస్టారు పాఠాలు చెప్పేవాడు. అప్పారావు తెగిన తీగలు ముడేసేవాడు. సాయంత్రం అదే పడవలో తిరిగొచ్చేవారు. వాన వచ్చినా, ముసురు పట్టినా అంతే. వీటిని ప్రజాసేవలంటారని ఆ ముగ్గురికీ తెలియదు, లంకవాళ్ళకీ తెలియదు. ప్రభుత్వానికైతే అసలే తెలియదు. తెలియకపోవడం వల్లే అన్నీ సవ్యంగా నడుస్తున్నాయన్న సంగతి నాకు ఆలస్యంగా బోధపడింది.

విశ్వనాథం రాసిన ప్రశ్న ఇది: "గౌరవనీయ మంత్రివర్యులు దయచేసి తెలియజేయుదురా: (అ) మారుమూల ద్వీప గ్రామమగు పొన్నగంటిలంకలో ప్రజాసేవలు అందుచున్న మాట వాస్తవమేనా, (ఆ) అయినచో, ఎవరు, ఎవరికి, ఎంత మేరకు అందించుచున్నారు, (ఇ) కానిచో, కారణములేమి?"

చదివి పొంగిపోయాను. ఇంత మంచి తెలుగు నా పేరు మీద అంతకుముందెన్నడూ అచ్చు కాలేదు. దానికి రెండు వందల పద్నాలుగో నంబరు పడింది. రేవులో ఫ్లెక్సీ కట్టించాను. "లంక గొంతుక మన చక్రధరం" అని పెద్దక్షరాలు, కింద నేను చెయ్యెత్తి మాట్లాడుతున్న ఫోటో. నేను మాట్లాడిన ఫోటో ఎక్కడా దొరక్కపోతే, ఆటో పిలుస్తున్న ఫోటోలో ఆటో తీసేసి సర్దారు.

ప్రశ్న వంతు వచ్చిన రోజు మంత్రిగారు లేచారు. "అధ్యక్షా! గౌరవ సభ్యులు లేవనెత్తిన అంశం అత్యంత ప్రాముఖ్యం గలది. ద్వీపవాసుల పట్ల మా ప్రభుత్వానికి గల చిత్తశుద్ధి మాటల్లో చెప్పలేనిది. కనుక చెప్పడం లేదు. సమాచారం సేకరించబడుచున్నది," అని కూర్చున్నారు.

నేను కూడా అక్కడితో కూర్చుంటే ఈ కథే లేదు. కానీ కెమెరా ఇంకా నా మీదే ఉంది. మా బావమరిది చూస్తున్నాడు. విశ్వనాథం రాసివ్వని మాట ఒకటి నా సొంత బుర్రలోంచి తన్నుకొచ్చింది.

"అధ్యక్షా! ఈ సమాచారం ఏసీ గదుల్లో కూర్చుని సేకరిస్తే ఒప్పుకోం! సేవలందించే వాళ్ళ నోటి నుంచే రావాలి! వాళ్ళు స్వయంగా వచ్చి, రాసి, సంతకం పెట్టి చెప్పాలి అధ్యక్షా!"

సభ దద్దరిల్లింది. రెండు పక్షాలవాళ్ళూ బల్లలు చరిచారు. మంత్రిగారు కూడా చరిచారు. అలాగే చేస్తామని అక్కడికక్కడే హామీ ఇచ్చారు. ఇంటికెళ్ళేసరికి కనకవల్లి గుమ్మంలో నిలబడి దిష్టి తీసింది.

హామీ అంటే మామూలు మాటలనుకున్నాను. కాదట. సభలో ఇచ్చిన హామీ కింద మూడో రోజే మెమో బయల్దేరింది. "సేవలందించు సిబ్బంది ప్రతి పనిదినమున ఉదయం పది గంటలకు మండల కేంద్రమునకు స్వయముగా హాజరై, తామందించు సేవలను గూర్చిన సమస్త సమాచారమును నిర్దేశిత నమూనాలో, సదరు సేవలకు ఎట్టి అంతరాయమూ కలుగని రీతిలో, సాయంత్రము అయిదు గంటల వరకు సమర్పించుచుండవలెను" అని అందులో ఉంది.

పది రోజులు పోయాక ఎర్రియ్య, అతనితో మరిడమ్మ అనే ముసలావిడ, మా ఇంటికొచ్చారు. మరిడమ్మకి డెబ్బై ఏళ్ళుంటాయి. చేతిలో తాటాకు బుట్టతో అరుగు మీద కూర్చుంది.

"బాబుగారండీ, ఎనిమిది రోజులై మా నర్సమ్మ లంకలో అడుగెట్టలేదండి. మాస్టారూ లేడు, కరెంటాయనా లేడు," అన్నాడు ఎర్రియ్య.

నేను సంతోషంతో తొడ చరిచాను. "చూశావా విశ్వం! నేను చెప్పలా? లంకలో ప్రజాసేవలు లేవని నేను ముందే కనిపెట్టాను!"

"ఉండేయండి," అంది మరిడమ్మ.

"ఎప్పుడు?"

"తమరు కనిపెట్టకముందండి."

ఆ మాట నా చెవిలో పడిందే గాని బుర్రలోకి దిగలేదు. మరిడమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. "నా మనవరాలు నూకరత్నానికి ఎనిమిదో నెలండి బాబూ. కాళ్ళు పొంగిపోయేయి. బీపీ ఎక్కువుందంట. నర్సమ్మ రెండ్రోజులకోసారి సూసి మాత్తర్లిచ్చేది. ఏమాత్రం తేడా వచ్చినా నేనే ఎంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెల్తానే మామ్మా, నువ్వు గాబరా పడకు అనేది. దాని తల్లి ఇలాంటి బీపీతోనే పురిట్లో పోయిందండి. అప్పుడు నర్సమ్మ లేదు. ఇప్పుడుండి కూడా లేదు. నాకు బయ్యంగా ఉంది బాబూ."

నాకు మనసు కలుక్కుమంది. నిజంగానే. కానీ మనసు కలుక్కుమన్నప్పుడు ఎమ్మెల్యే చేసేదేమిటో అప్పటికి నాకు ఒకటే తెలుసు.

"ఏం భయపడకు మామ్మా. రేపే సభలో మళ్ళీ అడుగుతాను!" అన్నాను.

పాపం, ఇద్దరూ నాకు దండం పెట్టి వెళ్ళారు.

మాటిచ్చినట్టే మర్నాడు లేచి, "లంకలో నర్సు ఎనిమిది రోజులుగా ఎందుకు గైర్హాజరైందో గంట గంటకూ లెక్క చెప్పాలి అధ్యక్షా!" అని గర్జించాను. గర్జించడం అప్పటికి బాగా అలవాటైంది. మంత్రిగారు అంతే గట్టిగా మరో హామీ ఇచ్చారు. ఆ సాయంత్రమే గైర్హాజరీ కారణాల నమూనా ఒకటి అదనంగా మండలానికి వెళ్ళింది.

ఆ తర్వాత వారం నేనే ఎంపీడీఓ ఆఫీసుకెళ్ళాను, నా ప్రశ్న ఎంత పని చేయిస్తోందో కళ్ళారా చూద్దామని. గుమ్మం పైన కొత్త బోర్డు, "గౌరవ శాసనసభ్యుల ప్రశ్న నం. 214 సమాచార సేకరణ కేంద్రం" అని. ఆటో లేని నా ఫోటో అక్కడా ఉంది. లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో దయామణి, సింహాచలం మాస్టారు, అప్పారావు వరసగా కూర్చుని రాస్తున్నారు. మాస్టారు తనకు తానే దస్తూరీ కాపీ ఇచ్చుకున్నవాడిలా తల వంచేశాడు.

ఎంపీడీఓ త్రివిక్రమరావుగారు ఎదురొచ్చి శాలువా కప్పారు. "సార్! ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత సమగ్రమైన సమాచార సేకరణ నేను చూడలేదు సార్. రోజూ సాయంత్రం అయిదింటికి కలెక్టరేటుకి, ఆరింటికి సచివాలయానికి వెళ్ళిపోతోంది. ప్రస్తుతానికి ఆరు వందల పేజీలు దాటాం."

"బాగుంది. మరి నర్సమ్మ లంకకి ఎప్పుడెళుతుంది?"

"సమాచారం పూర్తవ్వగానే సార్."

"ఎప్పుడు పూర్తవుతుంది?"

"అక్కడే చిన్న చిక్కొచ్చింది సార్," అని ఆయన నమూనా తీసి చూపించారు. గైర్హాజరుకు కారణాలు తొమ్మిది, తొమ్మిదింటికీ కోడ్ నంబర్లు. అనారోగ్యం ఒకటి, సెలవు రెండు, వరద మూడు, ఇలాగ. "ఈ నమూనా నింపుటకు వచ్చినందున అని ఈవిడ రాస్తోంది సార్. ఆ కారణానికి కోడ్ లేదు. కొత్త కోడ్ కోసం పైకి రాశాం. కోడ్ వచ్చేదాకా ఈవిడ రోజూ వచ్చి, కోడ్ రాలేదని రాయాలి."

దయామణి కలం కింద పెట్టి లేచింది. నలభై ఏళ్ళ మనిషి. ఎండకి తిరిగి తిరిగి నల్లబడిన మొహం. గొంతు పెంచలేదు గాని ఒక్కో మాటా నొక్కి పలికింది.

"సార్, ప్రశ్న మీరు వేశారు. జవాబు నన్ను రాయమంటున్నారు. సరే, రాస్తాను. నూకరత్నానికి మొన్న బీపీ నూట యాభై ఉంది. అదైనా ఎలా తెలిసిందనుకున్నారు? ఆదివారం నా సొంతానికి పడవెక్కి వెళ్ళి చూసొచ్చాను. దానికి నాకు మెమో ఇచ్చారు సార్."

"మెమో ఎందుకు?"

"ఆదివారం అందించిన సేవకు నమూనాలో గడి లేదు సార్," అన్నారు త్రివిక్రమరావుగారు నొచ్చుకుంటూ. "సెలవురోజు సేవ చేసేస్తే వారం లెక్క మొత్తం తారుమారైపోతుంది. ఏదో పొరపాటులే అని మందలింపుతో సరిపెట్టాను."

శాలువా తీసేసి, "ఏమయ్యా, ముందు ఈవిణ్ణి పంపించెయ్. నేను చెబుతున్నానుగా!" అన్నాను.

ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు. "అమ్మమ్మా! సభకిచ్చిన హామీ సార్ అది. సమాధానం వెళ్ళకుండా సిబ్బందిని వదిలితే గౌరవ సభ్యుడి హక్కులకు భంగం. హక్కులు ఎవరివి సార్? మీవే! మీ హక్కులకి మీరే భంగం కలిగిస్తానంటే నేను చూస్తూ ఊరుకోలేను సార్. మీ పట్ల నాకంత గౌరవం ఉంది."

నా మీద గౌరవంతో నా మాట వినని మనిషిని చూడటం అదే మొదటిసారి.

లంకవాళ్ళు నాలాగ అసెంబ్లీలో కూర్చునేవాళ్ళు కాదు గనక వాళ్ళ బుర్రలు పనిచేశాయి. నర్సమ్మ మన దగ్గరకి రాకపోతే మనమే నర్సమ్మ దగ్గరకి పోదాం అనుకున్నారు. మర్నాటి నుంచి ఎర్రియ్య పడవ దారి తారుమారైంది. పొద్దున్నే లంక అంతా విడతలు విడతలుగా దాన్లో ఎక్కి మండలాఫీసు వరండాలో దిగేది. దయామణి ఎడంచేత్తో బీపీ చూస్తూ కుడిచేత్తో నమూనా నింపేది. మాస్టారు తన కిటికీలోంచి బయట చెట్టు కింద కూర్చున్న పిల్లలకి ఎక్కాలు చెప్పేవాడు. ముసలివాళ్ళు మాత్రల కోసం, ఆడవాళ్ళు పిల్లల కోసం, మగవాళ్ళు ఒంటరిగా లంకలో ఉండి ఏం చేస్తాం అని, అందరూ అక్కడే. నూకరత్నాన్ని మాత్రం పడవలో మంచం వేసి తెచ్చేవారు. ఎక్కించేటప్పుడు నలుగురు, దించేటప్పుడు నలుగురు. పాయ మధ్యలో పడవ ఊగినప్పుడల్లా ఆ పిల్ల పొట్ట పట్టుకుని కళ్ళు మూసుకునేదట. ఇలా రోజూ తిప్పొద్దు, ప్రమాదం అని దయామణి, తిప్పకపోతే సూసేదెవరమ్మా అని మరిడమ్మ.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఈ సమాచారం నిజమో కాదో తేల్చుకురమ్మని రాజధాని నుంచి ముగ్గురు అధికారుల తనిఖీ బృందం లంకకి వచ్చింది. పదకొండు గంటలకు దిగారు. పన్నెండింటికి వెళ్ళిపోయారు. వాళ్ళ నివేదిక త్రివిక్రమరావుగారు నాకు ఫోన్లోనే చదివి వినిపించారు, పెళ్ళి శుభలేఖ చదివినంత ఉత్సాహంగా.

"సదరు ద్వీపమున మూడు మేకలు, ఒక కుక్క మినహా వాసులెవరును తారసపడలేదు. గృహములకు తాళములు వేసియున్నవి. కావున పొన్నగంటిలంకను నిర్జన ద్వీపముగా పరిగణించి, అచ్చటి నర్సు, ఉపాధ్యాయ, లైన్‌మన్ పోస్టులను రద్దుపరచి, సిబ్బందిని జన సమ్మర్దము గల ప్రాంతములకు బదిలీ చేయవచ్చును. ఇదే సార్ ఫైనల్ జవాబు! గురువారం మంత్రిగారు సభలో చదువుతారు. చదివిన క్షణం నుంచి అమలు. కంగ్రాట్స్ సార్, మీ ప్రశ్నకి మొత్తానికి జవాబు వచ్చేసింది!"

"అక్కడ నాలుగొందల మంది ఉన్నారయ్యా! నీ వరండాలోనే కూర్చున్నారు గదా, నీ కళ్ళతో నువ్వు చూడ్డం లేదా?"

"చూస్తున్నాను సార్. కానీ వరండాలో ఉన్నవాళ్ళు ద్వీపవాసులు ఎలా అవుతారు సార్? ఇక్కడ చుట్టూ నీళ్ళు లేవు కదా."

నేను ఫోన్ పెట్టేశాను. నూకరత్నానికి రోజులు నిండిపోయాయి. గురువారంతో నర్సమ్మ శాశ్వతంగా పోతుంది. ఈ పని ఇసుకవాళ్ళు చెయ్యలేదు, వరద చెయ్యలేదు. నా నోటితో నేను చేశాను. నాలుగేళ్ళు మూసుకున్న నోరు ఇంకో ఏడాది మూసుకుని ఉంటే ఏం పోయేది? నన్ను మౌనముని అన్న పత్రికవాడు నాకు బిరుదిచ్చాడనుకుని ఫ్రేము కట్టించుకోవాల్సింది.

బుధవారం పొద్దున్నే సచివాలయానికి పరుగెత్తి, సంయుక్త కార్యదర్శిగారి గదిలో దూరాను. పేరు వాచస్పతి. మాటకీ మాటకీ మధ్య కళ్ళజోడు తుడుచుకునే అలవాటు.

"సార్, నా ప్రశ్న నేను వెనక్కి తీసుకుంటాను," అన్నాను.

"నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. మీ హక్కు," అని ఆయన కళ్ళజోడు తుడిచారు. "ఉపసంహరణ నమూనా ఒకటుంటుంది. ఉపసంహరించుకున్న పక్షంలో సేవలపై పడగల ప్రభావాన్ని క్షేత్రస్థాయి నుంచి సేకరించాలి."

"ఎవరి దగ్గర్నుంచి?"

"సేవలందించే వారి నోటి నుంచే. స్వయంగా, సంతకంతో. తమరి ఆదేశమే గదా. చాలా చక్కటి సూత్రం. మేం ఇప్పుడు అన్ని శాఖలకీ వర్తింపజేస్తున్నాం."

మంత్రిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను కావలించుకున్నారు. "చక్రధరంగారూ! ఇన్నాళ్ళకి ఒక ప్రశ్నకి పూర్తి జవాబు చెప్పే అదృష్టం పట్టింది. మామూలుగా సేకరిస్తున్నాం, పరిశీలిస్తున్నాం అంటాం. ఈసారి అయిపోయింది అని చెబుతాను! మా ఊళ్ళో పెద్ద తెర మీద చూపిస్తున్నారు. మీరు తప్పకుండా రావాలి సుమా. మీరు సభలో ఉండి ప్రశ్న నంబరు చదివితే గాని నేను జవాబు చదవడానికి లేదు."

ఆఖరి మాట విన్నాక నా కాళ్ళు వాటంతటవే ప్రశ్నల విభాగానికి నడిచాయి. అక్కడ మాణిక్యాలరావు అనే గుమాస్తా ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా ప్రశ్నలకి నంబర్లు వేస్తున్నాడు, రెండు నెలల్లో రిటైరవుతాడు.

"మాణిక్యాలరావుగారూ, నేను రేపు సభకి రాకపోతే ఏమవుతుంది?"

ఆయన తలెత్తి నన్నొకసారి చూశాడు. "మూడుసార్లు పేరు పిలుస్తారు సార్. లేకపోతే ప్రశ్న మురిగిపోతుంది. దాంతోపాటు జవాబూ, హామీలూ, మెమోలూ అన్నీ మురిగిపోతాయి. సిబ్బందిని అదే రోజు వదిలెయ్యాలి. ఏడాది దాకా ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు."

"అంతేనా? ఇంకేం చెయ్యక్కర్లేదా?"

"ఏమీ చెయ్యకూడదు సార్. అదే కష్టం. చాలామంది ఏదో ఒకటి చేసి చెడగొట్టుకుంటారు. తమరికి పరవాలేదు, నాలుగేళ్ళ అనుభవం ఉంది."

గురువారం పొద్దున్న కనకవల్లి ఫోన్ చేసింది. ఇంటినిండా చుట్టాలున్నారట. మా బావమరిది పిల్లల్ని బడి మాన్పించి తెచ్చాడట. "ఆ నీలం కోటు వేసుకోండి, టీవీలో బాగుంటుంది" అంది. వేసుకున్నాను. అసెంబ్లీ దాకా వెళ్ళాను కూడా. అబద్ధమెందుకు, లాబీ తలుపు దగ్గర ఒక్క క్షణం నా కాలు లోపలికే లాగింది. అరగంట ఉపన్యాసం జేబులో ఉంది. కంఠతా పట్టాను. లోపలికెళ్ళి, జవాబు చదవకముందే లేచి, ఇది తప్పు అధ్యక్షా, లంకలో మనుషులున్నారు అని గర్జిస్తే ఎలా ఉంటుంది అనిపించింది. చప్పట్లు కూడా వినిపించాయి. కానీ నేను గర్జించినప్పుడల్లా ఏం జరిగిందో గుర్తొచ్చింది. మంత్రిగారు మళ్ళీ హామీ ఇస్తారు. లంకలో మనుషులున్నారా అన్నదానికి నాలుగొందల పన్నెండు నమూనాలు బయల్దేరతాయి. వాటినీ నింపేది దయామణే.

నేను మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

సభలో మాటలు బయట కూడా వినబడాలని అన్నిచోట్లా స్పీకర్లు పెట్టారు. అక్కడా ఒకటుంది. "ప్రశ్న సంఖ్య రెండు వందల పద్నాలుగు. శ్రీ అడబాల చక్రధరం" అని అధ్యక్షులవారి గొంతు నా నెత్తి మీదే మోగింది. రెండోసారి పిలిచారు. ఇంతలో బయటినుంచి మార్షల్ తలుపు తట్టాడు.

"సార్, లోపలున్నది తమరేనా? తమర్ని పిలుస్తున్నారు సార్!"

నేను పలకలేదు. జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ నోరు మూసుకోలేదు. మూడోసారి పిలిచారు. "సభ్యులు గైర్హాజరు" అన్నారు. అవతలి పక్షంవాళ్ళు పగలబడి నవ్వారు. "మాట మళ్ళీ పడిపోయింది అధ్యక్షా" అని ఎవరో అరిచారు. మంత్రిగారి గొంతు పాపం ఏడుపుగా, "అధ్యక్షా, జవాబు తయారుగా ఉందధ్యక్షా, ఎనిమిది వందల పేజీలు..." అంటోంది. తర్వాతి ప్రశ్న పిలిచేశారు.

మా ఇంటినుంచి వరసగా పదమూడు ఫోన్లు వచ్చాయి. ఒక్కటీ ఎత్తలేదు. పద్నాలుగోది త్రివిక్రమరావుగారిది, ఎత్తాను. "సార్, ఘోరం జరిగిపోయింది! ప్రశ్న మురిగిపోయిందట! సిబ్బందిని వదిలెయ్యమని వచ్చింది. బోర్డు కూడా దించేస్తున్నాం. తమరి ఫోటో ఎక్కడ పెట్టమంటారు సార్?" అన్నారు. ఎక్కడో అక్కడ పెట్టుకోమన్నాను.

దయామణి మధ్యాహ్నం రెండు గంటల పడవెక్కిందని ఎర్రియ్య చెప్పాడు. కలాలూ కాగితాలూ ఆ కుర్చీలోనే వదిలేసి, బీపీ మిషను ఒక్కటే చంకన పెట్టుకుని పరుగెత్తిందట. ఆ పూట లేవలేక లంకలోనే ఉండిపోయిన నూకరత్నాన్ని చూడగానే ఆలస్యం చెయ్యకుండా అదే పడవలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిందట. ఒక పూట ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవారు కారని డాక్టరు తిట్టాడట. ఎవర్ని తిట్టాడో నేనడగలేదు.

శనివారం మరిడమ్మ ఫోన్ చేసింది.

"బాబుగారండీ, ఆడపిల్లండి. మూడు కేజీలుందండి. తల్లి కులాసాగా ఉంది. నర్సమ్మ పొద్దున్నే వచ్చి సూసెల్లిందండి."

"చాలా సంతోషం మామ్మా. నావల్ల మీరంతా చాలా అవస్థపడ్డారు. నన్ను క్షమించాలి," అన్నాను.

"అయ్యో, అదేం మాట బాబూ! తమరా రోజు కావాలనే లోపలికెల్లలేదంట కదండీ. ఎవరో గుమాస్తా గారంట, మా నర్సమ్మకి ఫోన్ సేసి మరీ సెప్పేరంట. లంకలో అందరం సెప్పుకుంటన్నాం, ఇన్నాళ్ళకి మనకో మంచి ఎమ్మెల్యే దొరికేడని."

నేను కళ్ళు తుడుచుకుని, ఉత్సాహం ఆపుకోలేక, "మీకింకేం కావాలో చెప్పు మామ్మా. నేనున్నాను. పడవకి ఇంజను కావాలా, రేవుకి మెట్లు కావాలా? సోమవారమే సభలో..." అన్నాను.

అవతల ఫోను కిందపడ్డ చప్పుడైంది. మళ్ళీ తీసినట్టుంది, ఈసారి గొంతు వణుకుతోంది.

"బాబుగారండీ, తమ కాళ్ళట్టుకుంటాను. పసిగుడ్డు గల ఇల్లండి. మా గురించి ఎక్కడా ఏమీ అడక్కండి. తమరలా సల్లగా మాటాడకుండా కూకోండి, నాలుగొందల పన్నెండు ఓట్లూ తమకే ఏత్తాం."